పైది వాడిది, కిందది నాది

విడాకుల రోజున కోర్టులో నార్వల్ ట్వైట్ అన్న మాట మా కౌంటీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"భూమి నాకొదిలేయండి జడ్జిగారూ. దానికింద ఏముంటే అది ఆర్డిస్‌ని తీసుకోమనండి. కావాలంటే నరకం దాకా తవ్వుకోమనండి. అక్కడ దానికి తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు."

జడ్జి నవ్వాపుకోలేక దగ్గు వచ్చినట్టు నటించాడు. ఆ ఆర్డిస్‌ని నేనే.

నార్త్ డకోటాలో ఆ రోజుల్లో భూమి కింది హక్కు ఇవ్వడమంటే డోనట్ తాను తిని దాని చిల్లు పెళ్లానికి ఇవ్వడమే. అంతకు రెండేళ్ల ముందు ఓ కంపెనీ మా పశువుల బీడులో వేసవంతా చమురు కోసం తవ్వి, ఉప్పునీళ్లు పడితే సిమెంటు పోసి పూడ్చి, చెప్పకుండా వెళ్లిపోయింది. చమురు ధర పడిపోయింది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇల్లు, గొడ్లు, ట్రాక్టరు అన్నీ నార్వల్‌కి వాళ్ల నాన్న ఇచ్చినవి కాబట్టి వాడికే పోయాయి. నాకు మిగిలింది రివర్సు పడని కారు, ఒక ఫ్రీజరు, నరకం. "తీసుకో. వద్దంటే ఇది కూడా ఉండదు," అని చెవిలో ఊదింది నా లాయరు ఇర్మా కోవార్. తీసుకున్నాను.

మా దగ్గర నేల అలా రెండుగా చీలుతుంది. పైన ఒకరిది, కింద ఇంకొకరిది. అందులో చిత్రమేమిటంటే కిందివాడిదే పైచేయి. కిందివాడు ఎవరికి లీజు రాసిస్తే వాళ్లు వచ్చి పైవాడి గడ్డిలో రోడ్డు వేసుకోవచ్చు, రిగ్గు నిలబెట్టుకోవచ్చు. పైవాడు నష్టపరిహారం పుచ్చుకుని పక్కకు జరగాలి, రావద్దనే హక్కు వాడికి లేదు. చమురు లేనన్నాళ్లూ ఈ సంగతి ఎవడూ పట్టించుకోలేదు. నార్వల్ అసలు పట్టించుకోలేదు.

అన్నీ పంచుకున్నాం కానీ చర్చిలో బెంచీ మాత్రం పంచుకోలేకపోయాం. మా లూథరన్ చర్చిలో ఎవరి బెంచీ వాళ్లదే, తాతల నాటి నుంచీ. వెనకనుంచి మూడో వరస, ఎడమవైపు, వెచ్చటి గాలి వచ్చే జాలీ పక్కన. అది ట్వైట్‌ల బెంచీ, లేచిపొమ్మన్నాడు నార్వల్. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను కూర్చున్న చోటు, నువ్వే లేచిపో అన్నాను. ఇద్దరం లేవలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఇద్దరం అక్కడే. మా మధ్య వాడి పెద్దమ్మ హుల్డా కూర్చుంటుంది. తొంభై దాటింది, చెవులు తనకు కావలసినప్పుడు మాత్రం పనిచేస్తాయి. "మీ ఇద్దరి మధ్యా కంచె గుంజలా పాతుకుపోయాన్రా. నేను చస్తే ఇక్కడ ముళ్లతీగ వేయించండి," అంటుంది.

తర్వాత చమురు మళ్లీ వచ్చింది. నిలువుగా దిగి, లోపల అడ్డంగా తిరిగి మైళ్లకొద్దీ తవ్వడం నేర్చుకొచ్చారు. లీజులు రాయించుకునే ఏజెంటు డ్వేన్ పెటిగ్రూ ఓక్లహోమా నుంచి దిగాడు. వాడి బూట్లకి పుట్టి బుద్ధెరిగాక పేడ అంటలేదు. అప్పటికి నేను పొద్దున కాఫీ హోటల్లో, మధ్యాహ్నం బడి వంటింట్లో పనిచేస్తున్నాను. వాడు నా క్యారమెల్ రోల్ రెండోది కూడా తిని, మా అమ్మ కూడా ఇలా చేయలేదన్నాడు. మూడేళ్ల లీజు మీద అక్కడే, సిరప్ మరకల మధ్య సంతకం పెట్టేశాను.

రెండేళ్లకు పైగా ఉలుకూ పలుకూ లేదు. పోయిన శరత్కాలంలో కంపెనీవాళ్లు హఠాత్తుగా వచ్చి రిగ్గు చోటుకి గుర్తుగా గులాబీ రిబ్బన్లు కట్టిన కర్రలు పాతారు. ఎక్కడ? ఊట పైనున్న గట్టు మీద.

ఆ ఊట లేకపోతే నార్వల్ లేడు. అక్కడ బోరు నీళ్లు సోడా ఉప్పు, గొడ్లు మూతి పెట్టవు. లోయలో ఆ ఒక్క ఊట మాత్రం ఎంత చలికీ గడ్డకట్టదు. వాగులన్నీ రాయిలా బిగుసుకుపోయిన జనవరిలో కూడా అక్కడ ఆవిరి లేస్తుంటుంది. రిగ్గు కోసం ఆ గట్టు కోసి చదును చేస్తే నీటిదారి తెగుతుంది. నీళ్లు లేకపోతే గొడ్లు అమ్మేయాలి. నార్వల్‌కి దాదాపు డెబ్బై ఏళ్లు, గొడ్లు తప్ప మరో విద్య రాదు, మరో మాటా రాదు.

వాడు కర్రలు పీకేశాడు. కంపెనీ మళ్లీ పాతింది. మళ్లీ పీకేశాడు. షెరీఫ్ వచ్చి, వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, "నార్వల్, నేను చూస్తుండగా పీకొద్దయ్యా, అదొక్కటే అడిగేది," అని వెళ్లిపోయాడు. మూడోసారి ఇనప మేకులు దిగ్గొట్టారు. అప్పుడు వాడికి లాయరు గుర్తొచ్చాడు.

మా కౌంటీలో లాయర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నార్వల్ మొదట వాళ్ల చుట్టం ఆర్లెన్ దగ్గరికి వెళ్లాడు. ఆర్లెన్ కంపెనీకి కాగితాలు వెతికిపెడుతున్నాడు. రెండోవాడి పెళ్లాం అదే కంపెనీకి లీజిచ్చింది. మూడోవాడు చలి పడగానే ఆరిజోనా చెక్కేశాడు. నాలుగోవాడు కొత్తగా అద్దాల ఆఫీసు పెట్టాడు, గంటసేపు విని, బిల్లు చేతిలో పెట్టి, "నేను వాళ్ల మనిషినండి," అన్నాడు. కంపెనీవాళ్లు కౌంటీలో ప్రతి లాయరుకీ తలా ఒక ముక్క పని పడేశారు మరి. అవతలివాళ్ల పని ముట్టుకున్న లాయరు ఇవతలివాళ్లకి పనికిరాడు. ఇంత తెలివి ఆ డ్వేన్ బూట్లలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

మిగిలింది ఇర్మా. కంపెనీ పని ఇవ్వబోతే, విడాకుల కేసులకే తీరిక లేదు పొమ్మందట.

ఆవిడ వాడిని కూర్చోబెట్టి అంతా విని, "నీ కేసు నాకు నచ్చింది నార్వల్. కానీ ఇదే నేల మీద నేను ఆర్డిస్ తరఫున నీతో కొట్లాడా. ఇప్పుడు నీ తరఫున రావాలంటే ఆర్డిస్ సరేనని రాసివ్వాలి," అందట.

"ఇంకో దారి లేదా?" అన్నాడట వీడు.

"ఉంది. గొడ్లకి ఉప్పునీళ్లు అలవాటు చెయ్యి."

నవంబరులో చర్చి చేపల విందు. ఏటా క్షారంలో నానేసిన ఎండుచేప, లూటెఫిస్క్, మగవాళ్లు వండుతారు, ఆ కంపుకి కుక్కలు కూడా ఊరు దాటిపోతాయి. కింద వంటింట్లో మేము బంగాళాదుంప రొట్టెలు కాలుస్తుంటాం. నేను పెనం దగ్గర ఉన్నాను. నార్వల్ వచ్చి వెనక నిలబడ్డాడు, చేతిలో చేపల బేసిను.

"ఆర్డిస్."

"బేసిను అక్కడ పెట్టు."

"బేసిను కోసం కాదు." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఇర్మా కావాలి నాకు."

"పెళ్లి చేసుకుంటావా? చేసుకో. ఇల్లు నీ పేరుతోనే ఉందిగా, ఈసారైనా జాగ్రత్తగా ఉండు."

పక్కన పిండి ఒత్తుతున్న ఆడవాళ్లు అందరూ ఒక్కసారిగా దగ్గారు. మా ఊళ్లో నవ్వడం కన్నా దగ్గడం మర్యాద.

"లాయరుగా," అన్నాడు పళ్లు బిగించి. "నువ్వు సంతకం పెడితేనే వస్తుందట."

నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆ చేప కంపు కూడా అత్తరులా తోచింది. రొట్టె తిరగేశాను. మడతపెట్టాను. వాడిని అలా నిలబెట్టే ఇంకొకటి వేశాను.

"పెడతా," అన్నాను చివరికి. "నాకు నరకం ఇప్పించిన మనిషి నీకేం ఇప్పిస్తుందో నేనూ చూడాలి."

చూశాను. జనవరిలో ఇర్మా మా ఇద్దరినీ, డ్వేన్‌నీ తన ఆఫీసుకి పిలిచింది. నేను నా లాయరుకి ఎదురుగా, అవతలి పక్షంలో కూర్చున్నాను.

"ఆర్డిస్, ఇవాళ నేను నీకేం సలహా చెప్పకూడదు. కావాలంటే వేరే లాయర్ని పెట్టుకో," అంది.

"ఎవర్ని? ఆరిజోనా నుంచి రప్పించనా?"

"అది కూడా సలహా కిందకే వస్తుంది," అని నా లీజు తిరగేసింది. తిరగేసేకొద్దీ ఆవిడ మొహం మాడిపోయింది. "ఇది నాకు చూపించకుండా పెట్టావా సంతకం? ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుకోమని రాసిచ్చావే తల్లీ!"

"అది సలహా కాదా?"

"కాదు. తిట్టు."

డ్వేన్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. ఇర్మా వాడి వైపు తిరిగింది. అప్పుడు చూడాలి ఆవిడని. గొంతు పెంచలేదు, కుర్చీలో కదల్లేదు. "అబ్బాయ్, మీకు పర్మిట్ ఉంది, ఒప్పుకుంటాను. లీజు మే నెలాఖరుకి అయిపోతుంది. ఈలోగా తవ్వడం మొదలుపెట్టకపోతే మీ చేతిలో ఏమీ మిగలదు. ఏప్రిల్లో మీ బుల్డోజరు కదలగానే నేను కోర్టుకెళ్తా. వాడుకలో ఉన్న ఊట, పక్కనే వేరే చోటు ఉంది, అడ్డంగానే కదా మీరు తవ్వేది, అర మైలు అవతల దిగితే మీకేం రోగం అని అడుగుతా. గెలుస్తానో లేదో దేవుడికెరుక. ఆర్నెల్లు మాత్రం ఆపిస్తా. మీ లీజు చచ్చిపోవడానికి అది చాలు."

డ్వేన్ బయటికెళ్లి ఫోన్లు చేసుకున్నాడు. వచ్చి, కొత్త చోటికి మారడానికి కంపెనీ సిద్ధమే, కొత్త పర్మిట్ తెచ్చుకోవాలి కాబట్టి ఆర్నెల్లు గడువు పొడిగిస్తే, అన్నాడు.

పొడిగించాల్సింది ఎవరు? నేను. అందరూ నా వైపు తిరిగారు.

నా భయం నాకుంది. ఒకసారి చమురు వచ్చి పోవడం కళ్లారా చూసినదాన్ని. ఆర్నెల్లలో ధర పడిపోతే రిగ్గు రాదు, చమురులో నా వాటా డబ్బూ రాదు, నేను మోకాళ్లు పట్టుకుని చచ్చేదాకా బడి పిల్లల కంచాలు కడుగుతూ ఉండాలి. అయినా చెయ్యి కలం దాకా వెళ్లింది. అబద్ధం ఎందుకు, వెళ్లింది.

అప్పుడు నార్వల్ నోరు విప్పాడు. "పెట్టు ఆర్డిస్. నా ఊట అది. పెళ్లయిన ఏడు నా చేతుల్తో తవ్వుకున్నా."

నేను కలం అక్కడే వదిలేసి, కోటు వేసుకుని బయటికి వచ్చేశాను.

ఆ ఊట తవ్వింది నేను. పెళ్లయిన మొదటి చలికాలం, ఆవు తన్ని నార్వల్ కాలు విరిగింది. వాగులు అడుగుదాకా గడ్డకట్టాయి. గొడ్లు మంచు నాకుతూ అరుస్తుంటే ఆ లోయలో కాస్త తడి కనిపించిన చోట నేను గడ్డపారతో గడ్డకట్టిన నేల పగలగొట్టాను. మోకాళ్ల లోతు బురదలో దిగి ఇనప తొట్టి దింపాను, గొట్టం వేశాను. నా వేళ్లు రెండు ఇప్పటికీ చలికి చచ్చుబడి ఉంటాయి. కాలు బాగయ్యాక వాడు ఊట తవ్వానని ఊళ్లో చెప్పుకున్నాడు. నేల సంరక్షణ సంఘం వాళ్లు వాడికి ఇత్తడి ఫలకం ఇచ్చారు. వాడు లేచి దేవుడికీ తన పారకీ కృతజ్ఞతలు చెప్పాడు. అదే పార. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. విడాకుల్లో ఆ ఊట వాడి నాన్న ఆస్తితో కలిసి వాడికే పోయింది. ఇర్మాకి కూడా నేను చెప్పలేదు. ఎవరు నమ్ముతారు, గోడ మీద ఇత్తడి ఉండగా?

పదిరోజుల తర్వాత వాడు నా గడపలోకి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఏం తప్పన్నానో చెప్పు."

"తెలీదా?"

"తెలుసు." నేలకేసి చూశాడు. "తెలుసులే. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ, నాకూ నేనే తవ్వినట్టే గుర్తు."

"నాకు వేరేగా గుర్తు."

"సరే, నువ్వే తవ్వావు. చాలా?"

"నాకు చెబితే ఏం లాభం? నాకు తెలుసుగా. చర్చిలో చెప్పు. ప్రార్థన విన్నపాలప్పుడు లేచి నిలబడి చెప్పు. సోమవారం పొద్దున సంతకం పెడతా."

వాడి మొహంలో రక్తం చుక్క లేదు. దానికి కారణముంది. మా చర్చిలో పాస్టరు ప్రార్థనకి ముందు ఎవరికేం విన్నపాలున్నాయని అడుగుతాడు. ఆడవాళ్లు జబ్బుపడ్డవాళ్ల పేర్లు చెబుతారు. మగవాళ్లు బూట్లు చూసుకుంటారు. ఒకసారి ఒక పెద్దమనిషి లేచి వాన కావాలన్నాడని ఏడాదిపాటు ఆయనకి మతి చలించిందనే అనుకున్నారు.

"వేరే ఏదైనా అడుగు ఆర్డిస్. కావాలంటే బెంచీ వదిలేస్తా."

"బెంచీ నాదే. నువ్వు వదిలేదేంటి?"

ఫిబ్రవరి గడిచింది. ప్రతి ఆదివారం పాస్టరు అడిగేవాడు. ప్రతి ఆదివారం నార్వల్ మెడమీద చెమట పట్టేది, లేచేవాడు కాదు. ఇర్మా ఫోన్ చేసి, "నీకు సలహా చెప్పకూడదు కాబట్టి చెప్పట్లేదు. కానీ మార్చి వచ్చేసింది," అని పెట్టేసింది. డ్వేన్ హోటలుకొచ్చి క్యారమెల్ రోల్ అడిగాడు, అయిపోయాయన్నాను, వాడి ముందే పళ్లెం నిండా ఉన్నా. బుల్డోజర్లు పక్క కౌంటీ దాకా వచ్చాయని చెప్పి వెళ్లాడు. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఈ పంతంతో నేనే ఆ ఊటని చంపుతున్నానేమో అనిపించేది. పార పట్టింది నేనే, పూడ్చేదీ నేనేనా? అయినా మెట్టు దిగలేదు. దిగలేకపోయాను.

మార్చి చివరి ఆదివారం పాస్టరు విన్నపాలు అడిగాడు. ఎవరో మోకాలి ఆపరేషన్ అన్నారు. ఎవరో మనవరాలి పరీక్ష అన్నారు. పాస్టరు చేతులు జోడించబోతుండగా బెంచీ కిర్రుమంది.

నార్వల్ లేచాడు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగినట్టు లేదు గానీ, అందరి వీపులూ వినడం మొదలుపెట్టాయి. వాడు ముందున్న బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఊట గురించి," అన్నాడు. అక్కడితో కూర్చుంటాడేమో అనుకున్నాను.

"అది తవ్వింది ఆర్డిస్," అన్నాడు. "అప్పుడు నా కాలు విరిగుంది. నేను కిటికీలోంచి చూస్తూ తప్పులు పట్టా." బెంచీ మీది పట్టు మార్చుకున్నాడు. "తప్పులేం లేవు. ఫలకం కూడా నేనే తీసుకున్నా. అంతే."

కూర్చోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. హుల్డా పెద్దమ్మ వాడి కోటు పట్టి లాగి, చర్చంతా వినబడేలా, "నలభై ఏళ్లు పట్టిందేంట్రా ఆ ముక్క అనడానికి! కూర్చో!" అంది.

మా పాస్టరు కుర్రవాడు. ఇలాంటిదానికి ఏమనాలో సెమినరీలో నేర్పి ఉండరు. తనకి తెలిసిన మాటే అన్నాడు. "ప్రభువా, నీ కనికరము చొప్పున..."

ఊరు ఊరంతా, ఆర్లెనూ, షెరీఫూ, ఫలకం ఇచ్చిన సంఘం పెద్దలూ, ప్రతి విన్నపానికీ అనే అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో బదులిచ్చారు. "మా ప్రార్థన ఆలకించుము."

అక్కడ గర్వంగా తలెత్తుకుని కూర్చోవాలని ఎన్ని వారాల నుంచి సాధన చేశానో. తలెత్తలేకపోయాను. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. హుల్డా పెద్దమ్మ రుమాలు ఇచ్చింది, అది అవతల నార్వల్ దగ్గర్నుంచి వచ్చిందని దాని పేడ వాసనే చెప్పింది. దాంతోనే ముక్కు చీదుకున్నాను.